మన సంత లేని బీబీఏ

డిగ్రీలో ఏం చేరావని అడిగితే మన పిల్లలు ఒకప్పుడు బీఏ అనో బీఎస్సీ అనో చెప్పేవారు. ఇప్పుడు బీబీఏ లాజిస్టిక్స్, బీబీఏ రిటైల్, బీకాం మార్కెటింగ్ అంటున్నారు. లాజిస్టిక్స్ అంటే ఏమిట్రా అంటే సగం మంది నవ్వి ఊరుకుంటారు. కాలేజీలో చేర్చుకునేటప్పుడు చెప్పిన ఒక్క మాటే వాళ్లకు గుర్తుంది: చేరితే ఉద్యోగం ఖాయం.

చేరినందుకు పిల్లల్ని నేను తప్పు పట్టను. ఏజెన్సీ బళ్లలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టేసింది. అంతదాకా డీఎడ్ చేస్తే మన కొండ మీద బడిలోనే కుర్చీ దొరుకుతుందనే ఆశ ఉండేది. ఆ తలుపు మూసుకున్నాక కుర్రవాడు ఇంకో తలుపు తడతాడు. తడితే తెరుచుకున్నది గోడౌన్ తలుపు. నా గొడవ ఆ కుర్రవాడితో కాదు, ఆ తలుపు మీద 'మేనేజ్‌మెంట్' అని బోర్డు రాసి పెట్టినవాళ్లతో.

నేను ఏజెన్సీలో కామర్స్ చెప్పే మనిషిని. సిలబస్ ఏమిటో నాకు తెలుసు. మార్కెటింగ్ పేపర్ తెరవగానే నాలుగు 'పీ'లు వస్తాయి: వస్తువు, ధర, చోటు, ప్రచారం. 1960లో మెకార్తీ అనే అమెరికా ప్రొఫెసర్ చేసిన విభజన అది. తర్వాత 1967లో మొదటిసారి అచ్చయిన కోట్లర్ పుస్తకం నుంచి దిగుమతైన పాఠాలు. సరకు రవాణా గురించి చెప్పాల్సి వస్తే ముంబయి డబ్బావాలాల కథ. ఇవేవీ చెడ్డ పాఠాలు కావు. అయితే మా క్లాసు కిటికీలోంచి చూస్తే వారానికోసారి సంతకు పోయే దారి కనిపిస్తుంది. ఆ దారిలో అడ్డాకుల కట్టలు, కొండచీపుర్లు, చింతపండు బుట్టలు, పసుపు, మిరియాలు, రాజ్‌మా, కాఫీ గింజలు నెత్తి మీదా కావిడి మీదా దిగుతాయి. వస్తువు, ధర, చోటు, ప్రచారం నాలుగూ అక్కడే ఉన్నాయి. మూడేళ్ల సిలబస్‌లో ఆ సంత ఒక్క పేజీలో కూడా లేదు.

సంతలో జరిగేది ఏమిటో మన ఇళ్లలో అందరికీ తెలుసు. తెల్లారకముందే సంతకు వచ్చే దారుల్లో దళారీలు కాపు కాస్తారు. బుట్ట సంత దాకా రాకముందే బేరం అయిపోతుంది. సంతలో నలుగురు కొనేవాళ్లుంటే ధర నిలబడుతుంది, దారిలో ఒక్కడే ఉంటాడు. ఇక తూకం. కాటా ఉంటే దాని మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉందో లేదో ఎవరూ చూడరు. కాటా లేకపోతే కుంచంతో కొలుస్తారు. కొనే కుంచం వేరు, అమ్మే కుంచం వేరు. చివర 'తరుగు' అని ఇంకొంత తీస్తారు. తేమ ఉందంటారు, మట్టి ఉందంటారు. తేమ ఎంతో కొలిచే మిషను మాత్రం ఎవరూ తేరు.

అన్నిటికన్నా పెద్ద మాయ అడ్వాన్సు. దాన్ని లెక్క వేసి చూద్దాం, లెక్కలంటేనే కదా మన కోర్సు. ఆగస్టులో ఇంట్లో గింజ ఉండదు, పిల్లల ఫీజు ఉంటుంది, జ్వరాలుంటాయి. సావుకారు 5000 ఇస్తాడు. "వడ్డీ లేదమ్మా, డిసెంబరులో కాఫీ నాకే ఇవ్వాలి" అంటాడు. డిసెంబరులో పార్చ్‌మెంట్ ధర కిలో 400 ఉందనుకుందాం. అప్పు తీసుకున్నారు కాబట్టి 360 కడతాడు. యాభై కిలోలు ఇస్తే 18,000. అందులో తన 5000 పట్టుకుని 13,000 చేతిలో పెడతాడు. మనవాళ్లు దణ్ణం పెట్టి వస్తారు. కిలోకి 40 చొప్పున యాభై కిలోల మీద పోయింది 2000. అంటే 5000 మీద నాలుగు నెలలకు 2000 వడ్డీ, ఏడాదికి నూటికి 120. తరుగు పేరుతో తీసింది ఇందులో కలపలేదు.

ఈ లెక్క మా దగ్గర చదివే బీబీఏ పిల్లలకు ఇచ్చి చూశాను. 'వర్కింగ్ క్యాపిటల్' నిర్వచనం తడుముకోకుండా చెప్పినవాళ్లు ఇది వడ్డీ అని పట్టుకోలేకపోయారు. వాళ్ల తెలివికి లోటు లేదు. అప్పు అంటే బ్యాంకు, వడ్డీ అంటే శాతం గుర్తు ఉన్నది అని మనమే నేర్పాం.

మన చరిత్ర మొత్తం ఈ లెక్క చుట్టూనే తిరిగిందని కూడా వాళ్లకు ఎవరూ చెప్పలేదు. 1879 రంప తిరుగుబాటుకు కల్లు పన్ను, మన్సబుదారు దౌర్జన్యం కారణాలని చదువుతాం. మైదానపు వర్తకులు కొండవాళ్లతో అన్యాయపు ఒప్పందాలు రాయించుకుని, దూరాన ఉన్న కోర్టుల్లో దావాలు వేసి, వాళ్లు హాజరు కాకుండానే డిక్రీలు తెచ్చుకుని, పశువుల్నీ ధాన్యాన్నీ తోలుకుపోవడం అంతే పెద్ద కారణం. 1917లో ఏజెన్సీకి వడ్డీ, భూమి బదలాయింపుల చట్టం తెచ్చినప్పుడు తెల్లదొరలే వడ్డీకి ఏడాదికి 24 శాతం హద్దు పెట్టాల్సి వచ్చింది. పైన మనం వేసిన లెక్క దానికి అయిదింతలు. 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టింది ఈ వర్తకుడి పట్టు విడిపించడానికే. 1979లో అటవీ ఫలసాయం వ్యాపారానికి ప్రత్యేక రెగ్యులేషన్ తెచ్చిందీ అందుకే. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై కాల్పులు జరిగింది సోమవారం సంత రోజున. వ్యాపారం మనకు కొత్త సబ్జెక్టు అనేవాడికి మన సంగతి ఏమీ తెలియదు. వంద ఏళ్లకు పైగా మనం అందులో ఫెయిలైన విద్యార్థులం. పుస్తకం మన చేతికి ఇవ్వకుండా పరీక్ష మాత్రం ప్రతి సంతలో పెట్టారు.

ఇక్కడ మన పెద్దలతోనూ నాకు తగువుంది. మన రచయితల సభల్లో ఒక మాట తరచు వింటాను: "ఆదివాసీకి లాభం తెలియదు, పంచుకోవడమే తెలుసు. వ్యాపారం మన సంస్కృతి కాదు." వినడానికి గొప్పగా ఉంటుంది. కానీ అమ్మేటప్పుడు మన ధర మనం చెప్పడం సంస్కృతికి విరుద్ధం ఎలా అవుతుంది? కొత్త పంటను పూజ చేసి తినే మనిషి ఆ పంట తూకం సరిగా వేయమని అడిగితే ఏ దేవత కోపగిస్తుంది? మనం అమాయకులమనే కథ మనకన్నా ముందు సావుకారుకు నచ్చింది. ఆ కథను మనం పాటలుగా కట్టుకుని ఆడుకుంటే ఖర్చు లేకుండా అతని పని అయిపోతుంది.

మళ్లీ కోర్సు దగ్గరికి వద్దాం. ఈ కొత్త డిగ్రీల్లో కొన్నింటికి అప్రెంటిస్‌షిప్ కలిపి ఉంటుంది. చదువులో కొంత కాలం కంపెనీలో పని చేస్తూ స్టైపెండు తీసుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ మా పిల్లలు వెళ్లిన చోట నేర్చుకున్నది స్కానర్ పట్టుకుని రాక్‌ల మధ్య నడవడం, పెట్టెకు టేపు వేయడం, రాత్రి షిఫ్టులో నిద్ర ఆపుకోవడం. సరకు ఎక్కడి నుంచి ఎంతకు కొన్నారు, ఎంతకు అమ్మారు అన్న కాగితం వాళ్ల కంటపడదు. ఒక పిల్ల తిరిగొచ్చి "సార్, నడిచాం సార్, కొండెక్కినదానికన్నా ఎక్కువ నడిచాం" అంది. గోడౌన్ పని నీచమని నేననను. ఇంట్లో నాలుగు రూపాయలు ఆడితే మంచిదే, ఊరు విడిచి నగరం చూడాలనుకునే పిల్లకు ఆ హక్కూ ఉంది. నేను ఒప్పుకోనిది ఒక్కటే: ఇంటర్‌తో దొరికే పనికి మూడేళ్లు డిగ్రీ పేరుతో కూర్చోబెట్టడం, దానికి మేనేజ్‌మెంట్ అని పేరు పెట్టడం.

నిజమైన లాజిస్టిక్స్ పాఠం ఏమిటో చెబుతాను. 2006 అటవీ హక్కుల చట్టం చిన్న అటవీ ఫలసాయం మీద యాజమాన్యం మనకిచ్చింది. సేకరించడం, వాడుకోవడం మాత్రమే కాదు, అమ్ముకునే హక్కు కూడా. 2012లో ఆ చట్టం నిబంధనలు మార్చారు. ఫలసాయం తరలించడానికి రవాణా పర్మిట్టు గ్రామసభ కమిటీయే ఇవ్వవచ్చు. రాయల్టీ, ఫీజు ఏమీ ఉండవు. ఆ పర్మిట్టు పుస్తకం అచ్చు వేయించి, నంబర్లు వేసి, ఎవరి సరకు ఎంత, ఏ బండిలో ఎక్కడికి అని రాసి సంతకం పెట్టగల మనిషి ఊరికి ఒకరుంటే చాలు. అదే లాజిస్టిక్స్. మన బీబీఏ పట్టభద్రుల్లో ఎంతమందికి ఈ నిబంధన తెలుసో తరగతిలో చేతులెత్తమని అడగండి.

ఇది కల కాదు. తెలంగాణ సరిహద్దు దాటితే గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖ అనే గోండు గ్రామం ఉంది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర అటవీ మంత్రి జైరాం రమేష్ స్వయంగా వచ్చి వెదురు రవాణా పాసుల పుస్తకం గ్రామసభ చేతికి ఇచ్చాల్సి వచ్చింది. తర్వాత ఆ జిల్లాలో చాలా గ్రామసభలు తునికాకును తామే వేలం పెట్టుకున్నాయి. టెండరు ప్రకటన, కాంట్రాక్టరుతో ఒప్పందం, బ్యాంకు ఖాతా, కూలీ పట్టీలు, ఆడిటు అన్నీ ఊళ్లోనే. ఆ పనికి కావలసిన విద్య అచ్చంగా మా పిల్లల సిలబస్‌లో ఉన్న విద్యే. దాన్ని ఎవరి కోసం వాడాలో మాత్రం సిలబస్ ముందే నిర్ణయించి పెట్టింది.

మార్కెటింగ్ సంగతీ అంతే. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ప్యాకెట్ల మీద మన కొండ ఉంటుంది, కొన్నిటి మీద మన అమ్మమ్మ కట్టూ బొట్టూ ఉంటాయి. ఆ అమ్మమ్మ ఆరు కిలోల పళ్లు కోస్తే గానీ ఒక కిలో గింజ రాదు. అరబికా ధర న్యూయార్క్ ఎక్స్ఛేంజ్‌ను చూసి కదులుతుంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ పౌను నాలుగు డాలర్లు దాటింది. మన రూపాయల్లో కిలో 750 పైమాటే. బ్రెజిల్‌లో వర్షం పడకపోతే ఇక్కడ రేటు పెరుగుతుందని సావుకారు ఫోనులో చూసుకుంటాడు. ఫోను మన కుర్రాళ్ల చేతిలోనూ ఉంది. అందులో ఏం చూడాలో చెప్పడమే మార్కెటింగ్ పాఠం కావాలి. చింతపండు ఎండాకాలంలో అగ్గువకు కొని, నల్లబడకుండా కోల్డ్ స్టోరేజీలో పెట్టి, ధర ఎక్కాక అమ్మేవాడికీ, గింజతో సహా ఆ రోజే అమ్ముకునే మనకూ మధ్య ఉన్న తేడా తెలివిది కాదు. నాలుగు నెలలు ఆగగలిగే డబ్బుది. ఆ డబ్బును పొదుపు సంఘం నుంచో బ్యాంకు నుంచో ఎలా తేవాలన్నది ఫైనాన్స్ పేపర్‌లో ఒక యూనిట్ అవ్వాలి.

అమూల్ గురించి మా పుస్తకాల్లో ఉంది. వెన్న ప్రకటనల్లోని చుక్కల గౌను పాప గురించి, బ్రాండ్ గురించి. ఆ సంస్థ పుట్టింది 1946లో, ఒక కంపెనీకే పాలు అమ్మాలన్న ఏర్పాటు మీద గుజరాత్ ఖేడా రైతులు తిరగబడి పాలు పోయడం ఆపేశాక. ఆ సగం పాఠంలో ఉండదు, పరీక్షలో అడగరు.

సిలబస్ మార్చడం మన చేతిలో లేదు అంటారు మా సార్లు. కొంత నిజం, కొంత బద్ధకం. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలు మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి. ఇప్పుడు అది చాలాచోట్ల ఒకరి రిపోర్టు పేర్లు మార్చి ఇంకొకరు ఇచ్చే తంతు. దాని అంశం నిర్ణయించడం పూర్తిగా మన చేతిలోనే ఉంది. పది మంది పిల్లల్ని ఒక సంతకు పంపండి. ఎన్ని కాటాలు, ఎన్నిటికి ముద్ర ఉంది, ప్రతి సరకుకు దారిలో ధర ఎంత, సంతలో ఎంత, గిరిజన సహకార సంస్థ డిపోలో ఎంత, పట్నం మార్కెట్లో ఎంత అని ఎనిమిది వారాలు రాయమనండి. అడ్వాన్సు తీసుకున్న ఇళ్లకు వెళ్లి వడ్డీ కట్టమనండి. రిపోర్టు ఇంగ్లీషులో కాలేజీకి ఒక కాపీ, మన మాటలో గ్రామసభకు ఒక కాపీ. కావాలంటే సంత రోజున మైకులో చదవమనండి.

మాస్టార్లూ, ఇంటర్న్‌షిప్‌కు కంపెనీలే కావాలని ఏమీ లేదు. ఐటీడీఏ, సహకార సంస్థ, వన్‌ధన్ కేంద్రం, రైతు ఉత్పత్తిదారుల సంఘం, వీటికి కాలేజీ తరఫున ఒక ఉత్తరం రాయండి. లెక్కలు రాసే మనిషి లేక సగం వన్‌ధన్ కేంద్రాల బోర్డులు తుప్పు పడుతున్నాయి. ఉత్తరం రాయడానికి ఇదే సమయం. నవంబరులో కాఫీ పళ్లు ఎరుపెక్కుతాయి, అప్పటికి పిల్లలు కాటా పక్కన నిలబడి ఉండాలి.