రాత్రి డ్యూటీలో నర్సులెందరు?

ఆస్పత్రిలో మనిషి పోతే మనవాళ్ళు అనే మాటలు రెండే: "డాక్టరు సరిగా చూళ్ళేదు", లేదా "ఆయుష్షు తీరింది". ఆ రాత్రి వార్డులో నర్సులెందరున్నారని మాత్రం ఎవరూ అడగరు.

వయస్సు, జబ్బు తీవ్రత, ఆలస్యంగా తీసుకురావడం, ఇవన్నీ కారణాలే, కాదనను. కాని అమెరికాలో లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియా రాష్ట్రపు 168 ఆస్పత్రులలో ఆపరేషన్ రోగుల లెక్కలు తీసి 2002లో ప్రకటించిన సంగతి చూడండి. నర్సుకు ఒక్కొక్క రోగి అదనమైనకొద్దీ, చేరిన 30 రోజుల్లో మరణించే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనబడింది. 2014లో తొమ్మిది యూరప్ దేశాల లెక్కల్లోనూ ఇదే తేలింది. పైగా డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువున్నచోట మరణాలు తక్కువ!

ఇందులో వింతేముంది? ఆపరేషనయిన మనిషి సాధారణంగా చెప్పాపెట్టకుండా పోడు. ముందు నాడి వేగం మారుతుంది, ఊపిరి మారుతుంది, మూత్రం తగ్గుతుంది. అది కనిపెట్టవలసింది రౌండ్సు ముగించి వెళ్ళిపోయిన పెద్ద డాక్టరుగారు కాదు, మంచం పక్కన నిలబడే నర్సు. (నిలబడే తీరికుంటే!) మా తాతయ్య దగ్గర నేను కూర్చున్న రాత్రి వార్డంతటికీ ఒక్క సిస్టరే. సెలైను అయిపోయిందని చెప్పడానికి రెండుసార్లు పరుగెత్తాను. ఆమెను మనసులో తిట్టుకున్నాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కొత్త ఆస్పత్రి అనగానే పడకలెన్ని అని పత్రికలు రాస్తాయి. ఆ పడకలకు నర్సు పోస్టులెన్ని మంజూరయ్యాయి, అందులో ఎన్ని ఖాళీగా ఉన్నాయి? మన విద్యార్థి సంఘాలైనా ఈ ప్రశ్న వెయ్యొద్దూ?