సలహాతో పాటు కారణమూ రైతుకు చేరాలి

వర్షాధార సేద్యంలో విత్తే సమయాన్ని నిర్ణయించుకోవడం రైతుకు అత్యంత క్లిష్టమైన పని. వేరుశనగ సాగులో ఇది మరింత బరువైనది. విత్తనకాయలకే సాగు ఖర్చులో పెద్ద భాగం వెచ్చించవలసి ఉంటుంది. తొలి వానకు విత్తిన వెంటనే బెట్ట ఏర్పడితే మొలక ఎండి, పెట్టుబడి మట్టిపాలవుతుంది. ఇంతటి నిర్ణయంలో నేడు కంప్యూటర్ ప్రణాళికా వ్యవస్థలు కూడా పాలుపంచుకొంటున్నాయి.

2016 ఖరీఫ్‌లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ సంస్థలు కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలోని వేరుశనగ రైతులకు విత్తే సమయాన్ని తెలుగు సంక్షిప్త సందేశాల ద్వారా తెలియజేశాయి. పూర్వ సంవత్సరాల వాతావరణ వివరాలు, తేమ సమృద్ధి సూచిక ఈ సలహాకు ఆధారాలు. పైరుకు వాస్తవంగా లభించే నీటికి, వాతావరణం కోరే నీటికి గల నిష్పత్తినే ఈ సూచిక తెలుపుతుంది.

ఇటువంటి సందేశంలో తేదీ మాత్రమే ఉంటే సరిపోదు. లెక్క ఎలా కట్టారన్నది రైతుకు ముఖ్యం కాదు. "నేలలో పదును ఉండగా ఇప్పుడే ఎందుకు విత్తకూడదు?" అన్నదే రైతు అడిగే ప్రశ్న. వ్యవస్థ ఎంచుకొన్న మార్గాన్ని రైతు మనసులోని మార్గంతో పోల్చి చూపినప్పుడే అది వివరణ అవుతుంది.

మృగశిర, ఆరుద్ర కార్తెల లెక్క ఇన్ని తరాలు నిలవడానికి ఒక కారణం, దాని తర్కం రైతుకు తెలిసి ఉండడమే. కార్తె వచ్చినా వాన రాకపోతే రైతు ఆ లెక్కను స్వయంగా సవరించుకొంటాడు. కారణం తెలియని తేదీని సవరించుకోవడం సాధ్యం కాదు. దానిని గుడ్డిగా పాటించాలి, లేదా పూర్తిగా విడిచిపెట్టాలి.

వివరణ వలన పొరపాట్లు కూడా బయటపడతాయి. ఒకే మండలంలో ఒక ఊరిలో వాన కురిసి, పక్క ఊరిలో కురవకపోవచ్చు. తేలికపాటి ఎర్రనేలకు, నల్లరేగడికి తేమను నిలుపుకొనే శక్తి ఒకటి కాదు. ఏ వర్షపాతాన్ని, ఏ నేలను లెక్కలోకి తీసుకొన్నారో చెప్పినట్లయితే, ఆ సలహా తన పొలానికి వర్తిస్తుందో లేదో రైతు తేల్చుకోగలడు.

సుదీర్ఘ సందేశాలను ఎవరూ చదవరని, అనిశ్చితిని తెలిపితే నమ్మకం సడలుతుందని కొందరి అభ్యంతరం. కానీ వివరణ దీర్ఘంగా ఉండనవసరం లేదు. "ఇప్పటి వాన మొలకకు చాలును, తరువాతి రెండు వారాలు తేమ నిలిచే అవకాశం తక్కువ. కావున ఆగండి. మరొక మంచి వాన పడితే సలహా మారుతుంది. ఇది ఎర్రనేలలకు మాత్రమే" అన్నంత చాలు. సలహా తప్పితే నష్టపోయేది రైతే కనుక, అనిశ్చితిని తెలుసుకొనే హక్కు కూడా రైతుదే. అయితే ఆ వివరణ అసలు లెక్క నుండే రావాలి. నచ్చజెప్పడానికి తరువాత అల్లిన మాట వివరణ కాదు.

కృషి విజ్ఞాన కేంద్రాల శాస్త్రవేత్తలు, గ్రామస్థాయి వ్యవసాయ సిబ్బంది ముందుగా ఈ కారణాలను గ్రహించి, రైతుల ప్రశ్నలకు బదులు చెప్పగలగాలి. విశ్వవిద్యాలయాలు ఇటువంటి వ్యవస్థలను పరీక్షించేటప్పుడు దిగుబడితో పాటు మరొక కొలమానాన్ని కూడా చేర్చడం అవసరం. సందేశం అందుకొన్న రైతు దాని కారణాన్ని తన మాటల్లో పొరుగు రైతుకు చెప్పగలుగుతున్నాడా అన్నదే ఆ కొలమానం.