బుల్లెట్టు బండి ఎవరి డబ్బుతో కొన్నారు?



2021లో మోహన భోగరాజు పాడిన 'బుల్లెట్టు బండి' పాట ఇప్పటికీ మన పెళ్లి పందిళ్లలో మోగుతోంది. లోకసంబంధమైన పాట, ఆపండి అంటున్నారు కొందరు సంఘ పెద్దలు. పెళ్లికూతురు పెళ్లికొడుకును ప్రేమించి, వెంట వస్తాననడం పాపమా? అలాగైతే పరమగీతము 8 అధ్యాయాలూ చింపేయాలి!

మాకు అభ్యంతరం బండి మీదే. పిల్ల తండ్రి గుంటూరు యార్డులో మిరప టిక్కీలు అమ్మిన డబ్బుతో బుల్లెట్టు కొనిపించుకొని, ఆ పిల్లనే వెనక ఎక్కించుకుంటున్నాడు మన అబ్బాయి. కట్నం 1961 నుంచి చట్టరీత్యా నేరం. రాహేలు కోసం యాకోబు 7 సంవత్సరాలు కొలువు చేశాడు (ఆది. 29), మామను ఏమీ అడగలేదు.

పెద్దలారా, మైకు ఆపేముందు, కట్నం మాట్లాడుకునే చోట నోరు విప్పండి. దేవుడు మన ఇళ్లను దీవించును గాక. ఆమేన్.