నాలుక తిరగని వేళ



మాకు యాభై ఏడు సంవత్సరాలు. అందులో ముప్పై సంవత్సరాలు మదరసాలో పిల్లల చేత అరబీ అక్షరాలు పలికించడంలోనే గడిచాయి. భాషల వైవిధ్యం అల్లాహ్ నిదర్శనాలలో ఒకటని వారికి బోధిస్తూనే ఉన్నాము. అయితే కొత్త భాష ముందు నిలబడి తడబడే వాని మనసు ఎలా ఉంటుందో మేమే మరచిపోయామన్న సంగతి మొన్న జూన్ నెలలో గాని తెలిసిరాలేదు.

మా పెద్దబ్బాయి ఫ్రాన్సు దేశపు దక్షిణ ప్రాంతంలోని తూలూజ్ నగరంలో, విమానాల తయారీ రంగంలో ఉద్యోగం చేస్తున్నాడు. అతని వద్ద రెండు నెలలు గడపడానికి వెళ్ళిన మాకు ఎనిమిదేళ్ళ మనుమరాలు ఒక షరతు పెట్టింది. "దాదా! మనం ఏ ఊరు చూడబోయినా అక్కడ ముందు మీరే ఫ్రెంచిలో మాట్లాడాలి. తప్పు పోయినా ఫరవాలేదు. నేను పక్కనే ఉంటాను." ఆమె చెబుతుండగా ఒక చిన్న నోటుపుస్తకంలో పది వాక్యాలు తెలుగు లిపిలో వ్రాసుకున్నాము.

మొదటి పాఠం ఇంటి దగ్గరి రొట్టెల దుకాణంలోనే జరిగింది. మేము లోనికి వెళ్ళి, వ్రాసుకున్న వాక్యాన్ని గడగడా అప్పగించాము. దుకాణంలోని స్త్రీ మా మాట విననట్లే నిలబడి, "బొంజూర్" అని ఊరుకున్నది. మనుమరాలు మా చేయి లాగి, "ముందు పలకరింపు, ఆ తరువాతే అడగడం" అని గుర్తుచేసింది. సిగ్గుపడ్డాము. మాట కన్నా ముందు సలాం అని పిల్లలకు ఎన్ని వేలసార్లు చెప్పి ఉంటాము! ఫ్రాన్సులో ఎవరిని దారి అడిగినా, ఏ వస్తువు ధర అడిగినా "బొంజూర్" అనకుండా ఆరంభించడం అమర్యాదగా భావిస్తారు. అపరిచితులను "వూ" అని సంబోధించాలి. అది మన "మీరు" వంటిది. "త్యు" అనేది "నువ్వు" వంటిది, దగ్గరివారికే పరిమితం. ఈ భేదం తెలుగువారికి వేరే నేర్పనక్కరలేదు.

పాత పట్టణాలు భాష నేర్చుకొనే వానికి తెరచిన వాచకాల వంటివి. తలుపు మీద "తోయండి", "లాగండి", కోట వాకిట "ప్రవేశం", "నిష్క్రమణ", దుకాణం గాజు మీద "తెరచియున్నది", "మూసియున్నది" అనే ఫ్రెంచి మాటలు అడుగడుగునా కనిపిస్తాయి. నాలుగు రోజులు కళ్ళు తెరచి నడిస్తే యాభై మాటలు వాటంతట అవే వస్తాయి. మన కుటుంబాలు మరచిపోకూడని మాట "సాఁ పోర్", అంటే పంది మాంసం లేనిది. ఆ ప్రాంతపు ప్రసిద్ధ వంటకం కస్సూలే చూడటానికి చిక్కుడు గింజల కూరలా ఉంటుంది గాని, అందులో సాధారణంగా పంది మాంసం వేస్తారు. అడగనిదే తినరాదు.

తూలూజ్ పాత వీధుల పేరుపలకలపై రెండు భాషలు కనిపించాయి. ఒకటి ఫ్రెంచి, రెండవది ఆ నేల సొంత భాష ఆక్సితాన్. ఆ భాషలో "అవును" అనడానికి "ఓక్" అంటారు. లాంగ్‌దోక్ అనే ప్రాంతం పేరు దాని నుండే వచ్చింది. 1539లో రాజశాసనం న్యాయపత్రాలకు ఫ్రెంచిని తప్పనిసరి చేసింది. తరువాతి కాలంలో బడులు వచ్చాయి. 19వ శతాబ్దం చివరా, 20వ శతాబ్దం తొలినాళ్ళలోనూ ఇంటి భాష పలికిన పిల్లలను ఆ బడులలో దండించేవారు, నలుగురిలో అవమానించేవారు. మా అబ్బాయి ఈ విషయం చెబుతున్నప్పుడు మా మనసులో ఏదో కలుక్కుమన్నది. అదేమిటో అప్పుడు అర్థం కాలేదు.

ఒక ఆదివారం కార్కసోన్ వెళ్ళాము. తూలూజ్ నుండి రైలులో సుమారు గంట ప్రయాణం. రెండు వరుసల ప్రాకారాలు, 52 బురుజులు గల ఆ కోటను 19వ శతాబ్దంలో వియోలె ల్ దుక్ అనే వాస్తుశిల్పి ఆధ్వర్యంలో పునరుద్ధరించారు. రైలు దిగి, కాలువ దాటి, దిగువ పట్టణం గుండా పాత వంతెన చేరాము. అక్కడి నుండి కోటకు దారితీసే త్రివాల్ వీధి ఎక్కడని ఒక పెద్దాయనను అడిగాము. ఆయన కళ్ళు చిట్లించి చూశాడు. మళ్ళీ అడిగాము. మళ్ళీ అదే చూపు. ఫ్రెంచిలో వీధిని "రూ" అంటారు, బండి చక్రాన్నీ "రూ" అంటారు. తెలుగు లిపిలో రెండింటినీ ఒకేలా వ్రాయవలసిందే, కాని వారి చెవికి అవి రెండు వేర్వేరు మాటలు. మేము వీధి అడగబోయి చక్రం అడిగాము. మనుమరాలు తేలికగా ఒక ఉపాయం చెప్పింది. "దాదా, పెదవులు 'ఊ' అన్నట్లు గుండ్రంగా పెట్టండి, లోపల మాత్రం 'ఈ' అనండి." ఎన్నిసార్లు ప్రయత్నించినా మా పెదవులు మాట వినలేదు.

కోటలో మరొక పొరపాటు. "లె తూర్" అంటే చుట్టి రావడం, "లా తూర్" అంటే బురుజు. అరబీ, ఉర్దూ భాషలలో వలెనే ఫ్రెంచిలోనూ ప్రాణం లేని వస్తువులకు సైతం లింగభేదం ఉంది. అరబీ వ్యాకరణం బోధించే మేమే దానిని తలక్రిందులు చేశాము.

మరుసటి వారం నార్బోన్ చూశాము. క్రీ.పూ. 118లో రోమన్లు స్థాపించిన పట్టణమది. వారు వేసిన రాతిబాట ఒక ముక్క నేటికీ చౌకు మధ్య, నేలమట్టానికి దిగువన కనిపిస్తుంది. అరబీ చరిత్రకారులు ఈ ఊరిని అర్బూనా అని వ్రాశారు. 720 ప్రాంతం నుండి 759 వరకు, సుమారు నలభై సంవత్సరాలు ఇక్కడ ముస్లింల పాలన సాగింది. ఆనాటి కట్టడాల కోసం వెతికిన మా కళ్ళకు ఏమీ ఆనలేదు. మాటలు మాత్రం మరో దారిన వచ్చి నిలిచి ఉన్నాయి. 1901లో తెరచిన అక్కడి పెద్ద అంగడిలో నేరేడు రంగు, పసుపు రంగు పండ్ల రాశుల మధ్య "అబ్రికో" అన్న పలక చూశాము. మనం ఖుబానీ అనే పండు అది. ఆ పేరుకు మూలం అరబీ "అల్ బర్ఖూఖ్". దుకాణాన్ని "మగజాఁ" అంటారు, అది మన "మఖ్‌జన్" నుండి వచ్చినది. పత్తిని "కొతోఁ" అంటారు, అది "ఖుతున్".

ఖుబానీల ధర అడిగాము. వర్తకుడు "కాత్ర్ వాఁ కాఁజ్" అంటూ ఏదో చెప్పాడు. ఫ్రెంచివారు తొంభై అయిదును "నాలుగు ఇరవైలు, పదిహేను" అని లెక్కిస్తారు. మేము మనసులో గుణించి కూడేలోగా అతడే చిరునవ్వుతో కాగితం మీద 4.95 అని వ్రాసి చూపాడు. అంకెను వారు "షిఫ్ర్" అంటారు. అది మన "సిఫ్ర్" అనే మాటే!

తరువాత రైలుస్టేషను వీధి అడిగాము. మళ్ళీ చక్రమే వచ్చింది. అతడు నవ్వలేదు. పండ్లు తూచడం ఆపి, మా ముఖం చూస్తూ నెమ్మదిగా మూడుసార్లు పలికి వినిపించాడు. మూడవసారి మేము కాస్త దగ్గరకు వచ్చాము. అతడు తల ఊపి మనుమరాలితో ఏదో అన్నాడు. "దాదా, మీ 'ర' ఫ్రెంచివాళ్ళ 'ర'లాగే ఉందట!" అన్నది ఆమె.

అది నిజమే. ఫ్రెంచి "ర" గొంతులో నుండి వస్తుంది. దాదాపు మన "గైన్" అక్షరమే. ఆ మాట వినగానే, ఇన్నాళ్ళు లోపల కలుక్కుమన్నది ఏమిటో తెలిసిపోయింది.

ఇరవై ఏళ్ళ క్రితం మా వద్దకు ఒక పిల్లవాడు వచ్చేవాడు. ఇంట్లో తెలుగు మాత్రమే మాట్లాడే కుటుంబం. సూరహ్ ఫాతిహాలోని "గైన్" అతనికి పలికేది కాదు, "గ" అనేవాడు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళ పిల్లలు నవ్వేవారు. ఒకరోజు వారితో పాటు మేమూ నవ్వాము. మరునాటి నుండి అతడు రాలేదు. చదువు మీద శ్రద్ధ లేని పిల్లవాడని అప్పట్లో సరిపెట్టుకున్నాము. మా "గైన్" మా గొప్పతనం కాదనీ, మా ఉస్తాద్ ఓర్పు వలన వచ్చినదనీ నార్బోన్ అంగడిలో ఒక పండ్ల వర్తకుడు మాకు తెలియజేశాడు.

పిల్లలకు ఖుర్ఆన్ గానీ, ఇంగ్లీషు గానీ, మరేదైనా గానీ నేర్పే తల్లిదండ్రులకు మాదొక మనవి. సంవత్సరానికొకసారైనా మీకు బొత్తిగా రాని విద్య ఒకటి మొదలుపెట్టండి. పిల్లల ఎదుటే తప్పులు చేయండి. వారు దిద్దితే దిద్దించుకోండి. ఉచ్చారణలో తప్పును తప్పక సరిదిద్దవలసిందే. దానిని చూసి నవ్వడం మాత్రం దిద్దుబాటు కాదు.

స్వదేశం చేరిన వారానికి ఆ శిష్యుని వెతుక్కుంటూ వెళ్ళాము. ఇప్పుడు అతడు విద్యుత్ సామాన్ల దుకాణం నడుపుతున్నాడు. జరిగినది గుర్తుచేసి క్షమించమని కోరాము. కొంతసేపు తల వంచుకొని, "నేనెప్పుడో మరచిపోయాను హజ్రత్! కాని మా అబ్బాయిని మీ దగ్గరకు పంపడానికే మనసొప్పలేదు" అన్నాడు.

ఆ అబ్బాయి ఇప్పుడు రోజూ మగ్రిబ్ తరువాత మా వద్దకు వస్తున్నాడు. "గైన్" ఇంకా పలకలేదు. మాకు "రూ" కూడా ఇంకా రాలేదు. ఇద్దరమూ ప్రయత్నిస్తున్నాము. వస్తుంది, ఇన్షా అల్లాహ్.