అటక మీది రేకుపెట్టె పారేయకండి

ముంబై వర్లీ బీడీడీ చాళ్లలో ఇల్లు ఖాళీ చేస్తున్న తెలుగు కుటుంబాలకు, నాయ్‌గావ్, ఎన్.ఎం. జోషి మార్గ్ చాళ్లవాళ్లకు, రేపోమాపో వంతు రాబోయే కామాటిపురా వాళ్లకు ఒక మాట. సామాను సర్దేటప్పుడు అటక మీది రేకుపెట్టెను భంగార్‌వాలాకు వేసెయ్యకండి. ముందు తెరిచి చూడండి.

నూనె మరకలు పట్టిన మిల్లు గేట్‌పాసు, పీఎఫ్ చీటీ, యూనియన్ రశీదు, అద్దె పావతులు, ఇంటికి పంపిన మనియార్డరు రశీదులు, కరీంనగర్ నుంచో నల్లగొండ నుంచో వచ్చిన ఇన్‌లాండు ఉత్తరాలు. ఇలాంటివే ఉంటాయి అందులో. గది మనదేనని తేలిపోయింది కదా, ఇంకెందుకీ చెత్త అనిపిస్తుంది. తొందరపడకండి. మిల్లు కార్మికులకూ వారసులకూ ఇళ్లిచ్చే పథకం వేరే ఉంది. తాత మిల్లులో పనిచేశాడనడానికి అక్కడ రుజువు అడుగుతారు. ఆ రుజువు ఈ పెట్టెలోనే ఉండొచ్చు. ఇది మీ లాభం సంగతి. మా భయం ఇంకొకటి: ఈ ఇళ్లతోపాటు వీటిలో బతికినవాళ్ల జాడ కూడా పోతుందని.

1920ల్లో, గవర్నర్ జార్జ్ లాయిడ్ కాలంలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ మొదలుపెట్టిన ఇళ్లే ఈ బీడీడీ చాళ్లు. వర్లీలో 121 భవనాలు, నాయ్‌గావ్‌లో 42, ఎన్.ఎం. జోషి మార్గ్‌లో 32, శివ్డీలో 12. కింది అంతస్తు, పైన మూడు. ఒక్కో భవనంలో 80 గదులు, నడిమధ్య పొడుగాటి నడవా, అటూ ఇటూ తలుపులు. గది 160 చదరపు అడుగులు. అంతలోనే వంట, స్నానానికి మూలన మోరీ, దండెం మీద బట్టలు. పగటి పాళీవాడు లేచి పనికి పోతే అదే చాప మీద రాత్రి పాళీవాడు వచ్చి వాలేవాడు. పెళ్లాంపిల్లలను ఊళ్లో వదిలి వచ్చినవాళ్లకు పక్క గదిలో ఎవరో ఒకావిడ ఖానావళి నడిపి ఇంత అన్నం పెట్టేది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అంటాం కదా, ఆ నడిమి మాటకు గోడలూ తలుపులూ ఉన్న రూపం ఈ గదులే. మగ్గం వదిలి మిల్లుకు వెళ్లిన పద్మశాలీలు ఇలాంటి గదుల్లోనే బతికారు. 1982 జనవరి 18న యూనియన్ నాయకుడు దత్తా సామంత్ నడిపిన మిల్లు సమ్మె మొదలైంది; అందులో దాదాపు 2.5 లక్షలమంది పని మానారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించనే లేదు, మిల్లులే ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ పస్తులన్నీ ఈ గోడలకు తెలుసు.

కొత్త ఇల్లు వద్దనడం లేదు. అర్ధరాత్రి ఉమ్మడి పాయిఖానాకు నడిచే ఆడవాళ్ల ముందు వారసత్వ సంపద అంటూ ఉపన్యాసం చెప్పడానికి మాకు నోరు రాదు. మహారాష్ట్ర ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ మ్హాడా 500 చదరపు అడుగుల ఇల్లు ఉచితంగా ఇస్తోంది. 2025 ఆగస్టులో వర్లీలో 556 కుటుంబాలకు తాళాలు అందాయి. సంతోషమే.

అయితే ఒకటి చూడండి. ఇదే ముంబైలో విక్టోరియన్ గోథిక్, ఆర్ట్ డెకో భవనాలకు 2018లో యునెస్కో గుర్తింపు వచ్చింది. మేడల చిరునామా భద్రం, కూలీల చిరునామా బుల్డోజరుకు. పరేల్‌లో అంబేడ్కర్ ఏళ్లతరబడి ఉన్నది కూడా బీఐటీ (బాంబే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్) చాల్‌లోని చిన్న గదుల్లోనే. కామాటిపురాకు ఆ పేరు వచ్చింది, నిజాం రాజ్యం నుంచి వెళ్లి రాళ్లు మోసి బొంబాయి కట్టిన మన కామాటీల వల్లే. ఆ పేటలో ఏ తెలుగు కుటుంబం ఏ గల్లీలో ఉండేదో రాసిపెట్టినవాళ్లెవరు? ఆ పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది ఇంకేదో, ఆ సంగతి అందరికీ తెలుసు.

వర్లీలో ఒక చాల్‌ను మ్యూజియంగా ఉంచుతామన్న మాట ఉంది. ఆ మాట నిలబెట్టమని ఇప్పుడే అడగాలి. రంగులేసిన ఖాళీ గదులతో సరిపెట్టకుండా అందులో ఒక తెలుగు గది కావాలని కూడా అడగాలి. గదిలో పెట్టడానికి వస్తువు లేకపోతే అడిగీ లాభం లేదు, అందుకే పెట్టె సంగతి ముందు చెప్పాం. ముంబైలోని తెలుగు సంఘాలు ఈ ఏడాది సన్మానాల ఖర్చులో కొంత మిగిల్చి ఒక స్కానరు కొనుక్కుని గడప గడపకూ వెళ్లాలి. శాలువాలు వచ్చే ఏడాదీ దొరుకుతాయి.

ఇక మీ వంతు. తాళం అప్పగించే ముందు తలుపు మీది నంబరుకు ఒక ఫోటో తీయండి. అవ్వ ఉంటే ఆమెను ఆ గదిలోనే కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు నొక్కి అడగండి: ఇక్కడ ఎంతమంది పడుకునేవాళ్లు, పొయ్యి ఎక్కడుండేది, సమ్మె రోజుల్లో ఎవరు అప్పిచ్చారు అని. ఇరవయ్యో అంతస్తులో, టైల్స్ మీద కూర్చుని ఆమె ఇవన్నీ చెప్పొచ్చు గానీ, ఇదిగో ఇక్కడే అని చేత్తో తట్టి చూపించలేదు.