పార్కింగ్ పిల్లర్లను ఎవరు చూస్తున్నారు?

2001 జనవరి 26న కచ్‌లో భూకంపం వస్తే, 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలి 700 మందికి పైగా చనిపోయారు. కూలినవాటిలో చాలావాటి నిర్మాణ తీరు ఒక్కటే. కింద పార్కింగ్ కోసం గోడల్లేని పిల్లర్లు, పైన ఇటుక గోడలతో బిగిసిన అంతస్తులు. నేల ఊగినప్పుడు పైభాగమంతా ఒకే ముద్దగా కదిలింది. వంగే భారమంతా కింది పిల్లర్ల మీద పడింది. హైదరాబాద్, విజయవాడల్లో వీధి వీధినా లేస్తున్నవీ ఇలాంటి అపార్ట్‌మెంట్లే.

మనకు భూకంపాలు రావన్న ధీమా ప్రమాదకరం. 1969లో భద్రాచలం దగ్గర 5.7, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. 1993లో భూకంపం వేలమందిని బలిగొన్న లాతూర్ ప్రాంతం అప్పటి భూకంప ముప్పు మ్యాపులో అతి తక్కువ ముప్పున్న జోన్‌లోనే ఉంది.

పిల్లరు ప్రాణం నిలువు రాడ్ల చుట్టూ కట్టే రింగుల్లో ఉంటుంది. రింగు కొసను 135 డిగ్రీలు వంచి లోపలి కాంక్రీటులోకి దించాలన్నది ఐఎస్ 13920 ప్రమాణం. చాలా సైట్లలో 90 డిగ్రీలకే వంచి వదిలేస్తున్నారు. భూకంపంలో పిల్లరు పైపొర రాలగానే ఆ కొస విచ్చుకుంటుంది, నిలువు రాడ్లు పక్కకు ఉబికి వస్తాయి, లోపలి కాంక్రీటు నలిగిపోతుంది. పిల్లరూ బీమూ కలిసే చోట రింగులు కట్టడం కష్టమని అక్కడ ఏకంగా మానేసేవాళ్లూ ఉన్నారు. సరిగా వంచడానికి అదనంగా పట్టే ఇనుము స్వల్పమే. రాడ్లు కట్టేవారికి శిక్షణ, వారి పనిని చూసే ఇంజినీరు, ఈ రెండే కొరవడ్డాయి.

2016 నాటి ఆ ప్రమాణం భూకంప జోన్-2లోని హైదరాబాద్‌ వంటి నగరాలకు ఐచ్ఛికమని వదిలేసింది. తెలంగాణ ప్రభుత్వం ఆ వెసులుబాటును అపార్ట్‌మెంట్లకు రద్దు చేయాలి. పార్కింగ్ అంతస్తులో కాంక్రీటు గోడలు లేదా అదనపు బలమున్న పిల్లర్లు చూపని ప్లానుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అనుమతి ఇవ్వకూడదు. కాంక్రీటు పోశాక రింగులు కనిపించవు కాబట్టి, పోయకముందే తనిఖీ జరగాలి, ఫొటోలు రికార్డులో ఉండాలి.

అనుమతిలేని అంతస్తుల క్రమబద్ధీకరణ మరీ దారుణం. నాలుగు అంతస్తులకు లెక్కగట్టిన పిల్లర్ల మీద అయిదోది వేస్తే, రుసుము కట్టినంత మాత్రాన వాటికి బలం రాదు. స్ట్రక్చరల్ ఇంజినీరు పరీక్షించి సంతకం చేయని ఏ అంతస్తునూ ప్రభుత్వాలు ఇకపై క్రమబద్ధీకరించరాదు.