కావలివాని విశ్రాంతి

2024 మే 13వ తేదీని జరిగిన ఎన్నికలలో పోలింగు కేంద్రములకడ నిలిచిన కేంద్ర సాయుధ బలములను తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రజలు కన్నులార చూచిరి. పోలింగు ముగిసిన పిమ్మట తిరుపతి జిల్లా చంద్రగిరిలోను, పల్నాడు, అనంతపురము జిల్లాలలోను అల్లర్లు చెలరేగగా, జూను 4వ తేదీని ఓట్ల లెక్కింపు జరిగిన తరువాత కూడ 25 కంపెనీలను మరి 15 దినములు రాష్ట్రముననే నిలుపవలసినదిగా ఎన్నికల సంఘము ఆదేశించెను. ఆ యుత్తరువు అవసరమైనదే. కాని ఆ 15 దినములు ఏ జవాను విశ్రాంతినుండి తరుగుననియు, అవి వానికి మరల ఎన్నడు చెల్లుననియు అడిగినవారు అరుదు.

సైనికుని కొలువునకు మేర యెంత, విశ్రాంతికి గడువెంత యను ప్రశ్న దయాదాక్షిణ్యములకు సంబంధించినది కాదు, దేశరక్షణకు సంబంధించినది. మన సైన్యమున ఈ లెక్క కొంతవరకు గలదు. 1984 నుండి సియాచిన్ మంచుకొండలపై కావలి కాయుచున్నవారిని, మిక్కిలి ఎత్తైన ఠాణాలలో సుమారు మూడు మాసములుంచి మార్చుచుందురు. సరిహద్దున కొన్ని యేండ్లు గడపిన పటాలమును శాంతియుతమైన తావునకు పంపు ఆచారమును గలదు. హోంశాఖ క్రింద నుండు కేంద్ర రిజర్వు పోలీసు మున్నగు దళములకు అట్టి యూరట అంతగా లేదు. కాశ్మీరము, దండకారణ్యము, ఎన్నికలు, అల్లర్లు! ఒకచోటి పని ముగిసినదో లేదో మరియొక చోటికి ప్రయాణము.

ప్రతి జవానును ఏటికి 100 దినములు కుటుంబముతో గడపగలుగునట్లు చేయుదుమని కేంద్ర హోంమంత్రి 2019లో ప్రకటించిరి. సంకల్పము శ్లాఘనీయము. ఫలితమో? 2024వ సంవత్సరమున అక్టోబరు వరకు అట్లు గడపగలిగినవారు 6,302 మంది యని ప్రభుత్వమే పార్లమెంటునకు తెలిపెను. ఈ దళములలోనివారు లక్షల సంఖ్యలో నున్నారు! 2018 మొదలు 2022 వరకు 654 మంది జవానులు ఆత్మహత్య చేసికొనిరనుటయు ప్రభుత్వలెక్కయే. వీటి కన్నిటికిని సెలవు లేమియే కారణమనుట న్యాయము కాదు. ఇంటి చిక్కులు, అప్పులు, భూమి తగవులు కూడ కలవు. అయితే ఆ చిక్కులను విప్పుకొనుటకైనను మనుష్యుడు ఇంట నుండవలెను గదా!

ఇతరదేశములు ఈ పాఠమును కష్టపడి నేర్చినవి. ఆరు మాసములు యుద్ధరంగమున నున్న పటాలమునకు 24 మాసముల యెడము ఉండవలెనని బ్రిటిషు సైన్యము నియమము పెట్టుకొనెను. మూడేండ్లలో 13 మాసములు, అంతకు మించి యుద్ధరంగమున నున్నవారిలో మనోవ్యాధులు హెచ్చుగా నున్నవని 2007లో అచ్చటి వైద్యపరిశోధకులు తేల్చిరి. అనుకొన్న గడువునకును జరిగినదానికిని పొంతన లేనప్పుడు కూడ మనోవ్యాధి హెచ్చుగా కనబడినదని వారు గమనించిరి. ఇరాకు యుద్ధకాలమున 2007లో అమెరికా తన సైనికుల గడువును 12 మాసములనుండి 15 మాసములకు పెంచి, మరుసటి యేటనే వెనుకకు తీసికొనవలసివచ్చెను. కష్టము ఎంత పెద్దదైనను దాని తుద యెరిగినవాడు ఓర్చును, ఎరుగనివాడు క్రుంగును.

బలములు తక్కువ, పనులు ఎక్కువ యని అధికారులందురు. కపిల తోలిన కాలమును మన రైతులు మరువలేదు. మడి యెండుచున్నదని ఒక్క జత యెడ్లనే తెల్లవారినది మొదలు ప్రొద్దు గ్రుంకువరకు తోలిన కాపును లోకము తెలివిగలవాడనలేదు. జత మార్చుటకు మరియొక జతను పోషించుట వ్యర్థవ్యయము కాదు. అది సేద్యపు ఖర్చే. నాలుగు కంపెనీల పని యున్నచోట ఐదవదానిని విశ్రాంతికొరకు లెక్కలో చేర్చనంతకాలము, ప్రకటించిన నూరు దినములు కాగితముపైననే యుండును.

కావున ప్రభుత్వమువారు చేయవలసినవి స్పష్టము. ఒక్కొక్క విధమైన ఠాణాకు కొలువు గడువును, తరువాతి కనీస విశ్రాంతిని నిర్ణయించి శాసనబద్ధము చేయవలెను. గడువు పొడిగించిన ప్రతి దినమును జవాను ఖాతాలో బాకీగా వ్రాసి, ఆ యేటనే తీర్చవలెను. కాశ్మీరమునుండి రేణిగుంటకు రైలులో రెండు దినములకు పైబడి పట్టును. రాకపోకల దినములను సెలవులో కలుపరాదు. ఈ లెక్కలను ఏటేట పార్లమెంటు ముందుంచవలెను.

మనవంతు పనియు గలదు. సెలవుపై వచ్చిన జవాను గట్టు తగవు కొరకు తహసీలుదారు కచేరీ మెట్లెక్కి దిగుచు ఆ స్వల్పకాలమును పోగొట్టుకొనకుండ రెవెన్యూ అధికారులును, ఇరుగుపొరుగు రైతులును చూడవలెను. మన పొలిమేరకు శాంతి కావలసినప్పుడు వానిని పిలిపించుకొంటిమి. వాని యింటి శాంతి మన బాధ్యత కాదనుట కృతఘ్నత.